గౌసియా బడిలో తలూపకూడదు

“ముప్పైమూడేండ్లు ఇంగ్లీషు చెప్పినారు గదా సార్, మీ పిల్లోళ్ళల్లో ఒక్కరన్నా లేచి నిలబడి, నాకు అర్థం కాలేదు అని ఇంగ్లీషులో అడిగినారా?”

గౌసియా ఈ ప్రశ్న వేసి రెండేళ్ళు దాటింది. ఏ సంవత్సరం పదో తరగతిలో ఎంతమంది గట్టెక్కారో చెప్పగలను. ఎవరికి తొంభై దాటాయో చెప్పగలను. దీనికి మాత్రం చెప్పలేను. ఎవరో ఒకరు అడిగే ఉంటారని పొద్దున నడకకు పోయినప్పుడల్లా వెదుక్కుంటాను. ఒక్క ముఖమూ గుర్తుకు రాదు. ఇంత విసిగించిన ప్రశ్న నాకు ఇంకొకటి లేదు. ఇంత విసిగించిన మనిషీ లేదు.

ఉద్యోగం అయిపోయాక ప్రొద్దుటూరులో నా పుస్తకాలేవో నేను చదువుకుంటూ ఉన్నవాణ్ణి. గల్ఫ్ దేశాలకు ఇంటి పనులకు పోయే ఆడవాళ్ళకు మూడు నెలల భాషా తరగతి పెడుతున్నామని ఒక సంస్థవాళ్ళు వచ్చారు. ఇంగ్లీషు చెప్పడం, తరగతి మొత్తం చూసుకోవడం నా పని. బట్టల అంగడి మేడమీద ఒక గది బాడుగకు తీసుకున్నారు. అరబ్బీ చెప్పడానికి గౌసియాను పిలిచారు.

ఆమె పుట్టింది జమ్మలమడుగులో. తండ్రి ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. ఐదో తరగతితో చదువు ఆగింది. ఇరవై ఆరేళ్ళప్పుడు కువైట్ పోయి, మూడు ఇళ్ళల్లో పదమూడేళ్ళు పనిచేసి, మోకాళ్ళు అరగగొట్టుకొని తిరిగొచ్చింది. ఆ తరువాత వీధిలో ఎవరికి వీసా వచ్చినా ఆమె వంటింట్లోకి వచ్చి నాలుగు మాటలు నేర్చుకొని పోయేవాళ్ళు. ఆమెకున్న అర్హత అంతే. సంస్థవాళ్ళ కాగితంలో ‘అర్హత’ అన్న చోట నేనే ‘అనుభవం’ అని రాశాను.

పాఠాలకు సంస్థే ఒక పుస్తకం అచ్చువేయించింది. నూటపన్నెండు పేజీలు. పైన అరబ్బీ, కింద తెలుగు లిపిలో అదే మాట, దాని కింద అర్థం. ఏడో పాఠంలో మ్యూజియం ఎన్ని గంటలకు తెరుస్తారని అడగడం ఉంది. అంట్లు తోమడానికి పోయేవాళ్ళకు మ్యూజియం ఎందుకని నాకూ అనిపించింది గానీ, పుస్తకం పుస్తకమే. దానికి తోడు నూటనలభై అట్టముక్కల మీద బొమ్మలు అతికించి, నా చేత్తో పేర్లు రాశాను. గోడకు నాలుగు చార్టులు తగిలించాను. ఏ రోజు ఏ పాఠమో గళ్ళు గీసి పెట్టాను.

మొదటిరోజు గౌసియా పెద్ద సంచీతో మెట్లెక్కి వచ్చింది. అందులోంచి కరెంటు పొయ్యి, కుక్కరు, పెనం, గాజుగ్లాసులు, ఇస్త్రీపెట్టె, ఒక చెయ్యి లేని ప్లాస్టిక్ పాప తీసి బల్లమీద పెట్టింది.

“ఏందమ్మా ఇదంతా? సంత పెడతాండావా?” అన్నాను.

“పుస్తకం ఇంట్లో పెట్టొచ్చినా సార్. బరువు ఎక్కువైంది.”

ఆమె పాఠం ఇలా ఉండేది. కుర్చీలో కాలుమీద కాలు వేసుకొని, ఫోను చూసుకుంటూ, ఎదుటి మనిషి ముఖం చూడకుండా ఒక పని చెప్పేది. అదీ గబగబా, సగం మింగేసి, విసుక్కుంటూ. ఎవరికి చెప్పిందో వాళ్ళు లేచి ఆ పని చెయ్యాలి. అర్థం కాకపోతే ‘మా అఫ్హమ్’ అనాలి. నాకు అర్థం కాలేదు అని దానికి అర్థం. అందరూ నమస్కారంతో మొదలుపెడితే ఆమె దీనితో మొదలుపెట్టింది. అర్థం కాకుండా తలూపినవాళ్ళు మెట్లమీదికి పోయి ఐదు నిమిషాలు నిలబడి రావాలి.

“మెల్లగా చెప్పమ్మా, కొత్తవాళ్ళు గదా,” అని నేను.

“ఆడ మెల్లగా ఎవురు చెప్తారు సార్? ఆ ఇంటి మేడంకు ఎవురిదో పెండ్లికి టైమైపోతాంటాది.”

తరగతిలో పదిమంది. ఎనిమిదిమంది ముస్లింల ఇళ్ళవాళ్ళు. చిన్నప్పటి నుంచి ఖురాన్ చదవడం నేర్చుకున్నవాళ్ళు, అక్షరాలు చక్కగా వచ్చు. అరబ్బీ పేజీ ఏది ముందు పెట్టినా తడుముకోకుండా చదివేస్తారు. మిగిలిన ఇద్దరు తొండూరు నుంచి వచ్చే ఓబులమ్మ, ఆమె తోడికోడలు. వాళ్ళకు అరబ్బీ ఒక్క అక్షరమూ రాదు. అందుకని ఎనిమిదిమందిని మొదటి బృందం, ఇద్దరిని రెండో బృందం చేశాను. ఎవరైనా అదే చేస్తారు.

పదిరోజులకు నా లెక్క తలకిందులైంది. గౌసియా ఏం చెప్పినా ఓబులమ్మ మొహమాటం లేకుండా “మా అఫ్హమ్ అక్కా, ఇంగోతూరి చెప్పు” అని అరిచేది. రెండోసారి వినేది, మూడోసారికి గ్లాసు తెచ్చేది. చదువు వచ్చిన ఎనిమిదిమందీ తలూపేవాళ్ళు. అక్షరాలు వచ్చి, అర్థం కాలేదని ఎలా చెప్తారు? ఇంట్లోవాళ్ళకు కూడా ‘మా పిల్లకు అరబ్బీ వచ్చు’ అనే నమ్మకం. ఒకరోజు మెట్లమీద ఆరుగురు నిలబడి ఉన్నారు. కింద బట్టలు కొనేవాళ్ళు పైకి చూసి, ఇక్కడ రేషను ఇస్తున్నారా అని అడిగారు.

“ఇస్తాండారు, ఊపేదానికి తలకాయ పట్టుకురా!” అంది జమ్మలమడుగు హఫీజా. నవ్వకుండా ఉండలేకపోయాను, ఆ నవ్వుకే నాకు ఇంకా కోపం వచ్చింది.

వాళ్ళలో బాగా చదివేది పులివెందుల యాస్మిన్. రోజూ బస్సులో వచ్చి పోయేది. గొంతు శుభ్రంగా ఉండేది. ఆమె చదువుతుంటే భాష తెలియని నేనే పుస్తకం మూసి వినేవాణ్ణి. మెట్లమీద ఎక్కువసేపు నిలబడిందీ ఆమే. చెప్పింది ఏదైనా సరే, మెత్తగా నవ్వి తలూపేది. అందరికంటే ముందు వీసా వచ్చిందీ ఆమెకే.

“ఈ పిల్ల నోరు తెరవకుండా విమానం ఎక్కితే నా పాపం సార్,” అనేది గౌసియా. ఆమె ధ్యాస అంతా యాస్మిన్ మీదే. ఆ నెల్లో యాస్మిన్‌కు కనీసం వెయ్యి పనులు చెప్పి ఉంటుంది. వెయ్యిసార్లూ ఆ పిల్ల తలూపింది.

ఒకరోజు నా అట్టముక్కలు కనిపించలేదు. చూస్తే ఓ పాతిక ముక్కలు కుక్కరు కింద ఉన్నాయి, బల్ల కాలకుండా. వాటి మీది టమోటా బొమ్మలు నల్లబడిపోయాయి. నాకు ఒళ్ళు మండింది. మెట్లమీదికి పిలిచి కడిగేశాను. పుస్తకం తెరవవు, చార్టు చూడవు, నా కష్టమంతా మసిగుడ్డ చేశావు అన్నాను. ఆమె అంతా విని, చీర కొంగుతో ముఖం తుడుచుకొని చెప్పింది.

“కువైట్ పోయిన మొదటి వారంలోనే నాకు మేడం ఏందో చెప్పింది సార్. నేను హా, హా అని తలూపితి. ఆ ఇంట్లో ముసలాయన నన్ను బిడ్డా అని పిలిచేటోడు. అడిగినప్పుడంతా ఖర్జూరం పెడ్తి. చక్కెర జబ్బంట ఆయనకు. పెట్టొద్దనే మేడం చెప్పిందంట. ఆయన్ను ఆస్పత్రికి తీసకపోయినాక, నువ్వు తలూపినావు గదా, నువ్వు తలూపినావు గదా అని ఒకటే మాట. ఆయన బతికినాడు కాబట్టి ఈడ నిలబడుకోనుండా. మీ అట్టలు నేను మళ్ళా రాసిస్తాలే.”

రాసిచ్చింది కూడా. తప్పుల తడకలు. మళ్ళీ నేనే దిద్దుకున్నాను.

మూడో నెల చివర కడప నుంచి సంస్థ తరఫున సుప్రజ మేడం వచ్చారు. మంచి మనిషే. పరీక్ష అయ్యాక సర్టిఫికెట్లు, ఫలితం బాగుంటే ఇంకో తరగతి, దానికి గౌసియానే ఉంచుతామని ముందే చెప్పారు. పరీక్ష అంటే పుస్తకంలో ఒక పేజీ చదవడం.

ఎనిమిదిమందీ చదివారు. ఓబులమ్మ, ఆమె తోడికోడలు కింది తెలుగు లిపి చూసి కూడబలుక్కున్నారు. చివర యాస్మిన్ ఏడో పాఠం మొత్తం ఆపకుండా చదివేసింది. సుప్రజ మేడం పెన్ను కింద పెట్టి చప్పట్లు కొట్టారు.

“ఎంత బాగా నేర్పించారమ్మా! వందకు వంద.”

అంతటితో ఊరుకోవచ్చు. గౌసియా ఊరుకోలేదు. కుర్చీ లాక్కొని, కాలుమీద కాలు వేసుకొని, ఫోను తీసి, యాస్మిన్‌తో గబగబా ఏదో అంది. యాస్మిన్ నవ్వి తలూపింది. గౌసియా ఇంకేదో అంది. మళ్ళీ తలూపింది.

“మేడం,” అంది గౌసియా సుప్రజ వైపు తిరిగి, “కిటికీలోంచి కిందికి దూకుతావా అని అడిగినా. సరే అనింది. ఆ బల్లమీది పాపను కూడా తీసకపోయి దూకుతావా అన్నా. దానికీ సరే అనింది. దీనికి వందకు వంద ఇచ్చి పంపిస్తారా?”

యాస్మిన్ కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తూ వెనక బల్ల దగ్గరికి పోయింది.

సుప్రజ మేడం ముఖం ఎర్రబడింది. “అందరి ముందూ ఆ పిల్లను ఇలా చేస్తారా? ఇది పద్ధతేనా?” ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. సర్టిఫికెట్లు అందరికీ రాశారు. తరువాత నన్ను పక్కకు పిలిచి, మిగిలిన వారం పుస్తకం ప్రకారం మీరే నడిపించండి సార్, ఆమె అవసరం లేదన్నారు. అదే రాసిన కాగితం ఇచ్చారు. సంతకం పెట్టాను.

సుప్రజ మేడం కారు వెళ్ళిపోయాక గౌసియా మీద విరుచుకుపడ్డాను.

“కాసేపు నోరు మూసుకోని కూర్చోలేవా? ఇంకో తరగతి చెప్పుకుంటాంటివి గదా! ఆ పిల్ల ఎంత ఏడ్చిందో చూస్తివా?”

“ఏడవనీ సార్. ఈడ ఏడిస్తే ఓబులమ్మన్నా ఓదారుస్తాది.”

“చదవడం వచ్చు గదా దానికి. మాటలు మెల్లగా అవే వస్తాయి. నేను ముప్పైమూడేండ్లు చెప్పినోణ్ణి.”

అప్పుడే అడిగింది ఆ ప్రశ్న. వెటకారంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. నేను గది తాళం వెదుక్కున్నాను.

మరునాడు పొద్దున పుస్తకం పట్టుకొని నిలబడ్డాను. అరబ్బీ నాకు రాదు. కింది తెలుగు లిపి చూసి ఎనిమిదో పాఠం గట్టిగా చదువుతున్నాను. తన సామాను తీసుకుపోవడానికి గౌసియా వచ్చింది. పాఠానికి అడ్డం రాకుండా ఒక్కొక్క గిన్నె, గ్లాసు సంచీలో సర్దుకుంటోంది. అందరూ పుస్తకం చూస్తున్నట్టే ఉన్నారు గానీ చెవులన్నీ ఆ చప్పుడు మీదే. నేను చదివే మాట నాకే వినబడటం లేదు. ఒక వాక్యం చదివి, “తెలిసింది గదా?” అన్నాను. ముప్పైమూడేళ్ళుగా అలవాటైన మాట.

ఓబులమ్మతో సహా తొమ్మిది తలలు ఊగాయి.

“మా అఫ్హమ్,” అన్నారు ఎవరో వెనకనుంచి.

యాస్మిన్. లేచి నిలబడి ఉంది. “మా అఫ్హమ్ సార్. అర్థం కాలే. ఇంగోతూరి చెప్పండి.”

ఇంకోసారి ఏం చెప్పను? ఆ వాక్యం నాకూ అర్థం కాలేదు. కళ్ళద్దాలు తుడుచుకొని, పేజీ దగ్గరగా పెట్టుకొని చూశాను. కింద అర్థం అచ్చువేసిన చోట సిరా అలుక్కుపోయి ఉంది. ఓబులమ్మ కిసుక్కున నవ్వింది. యాస్మిన్ కూర్చోలేదు, అలాగే నిలబడి ఉంది.

చెప్పగలిగిన మనిషి ఆ గదిలో ఒక్కతే. “గౌసియమ్మా, ఇదేందో కాస్త…” అంటూ ఆమె సామాన్ల బల్ల వైపు తిరిగాను.

బల్ల ఖాళీగా ఉంది. కిటికీ దగ్గరికి పోయి చూశాను. సంచీ ఆటోలో పెట్టి, మోకాలు పట్టుకొని ఎక్కుతోంది. పైకి చూడలేదు. ఆటో జమ్మలమడుగు బస్సులు ఆగే వైపు మళ్ళింది.