మందు లేని మాస్కు

కొత్త చట్టం ముసాయిదాపై ప్రజలు అభిప్రాయాలు చెప్పవచ్చట. మహమ్మారి లాంటిది మళ్లీ వస్తే రాష్ట్రం ఎలా సిద్ధంగా ఉండాలో అందులో రాశారు. పాప నిద్రపోయాక రోజూ కొంచెం కొంచెం చదువుతున్నాను. సంసిద్ధత అనే మాట లేని పేజీ లేదు. ఒక కమిటీ ఉంది, ఆ కమిటీ పనిని చూసే కమిటీ ఉంది, రెండింటికీ వాహనాలు ఉన్నాయి. ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలోనూ ఏటా మాక్ డ్రిల్ జరపాలన్న సెక్షన్ దగ్గరికి వచ్చేసరికి నవ్వొచ్చింది. అది చట్టం కాకముందే నేనూ మా పాపా అందులో నటించి వచ్చాం.

ఫిల్మ్‌నగర్‌లో కొండ దిగువన ఒక ఇంటి పై వాటాలో మేం అద్దెకుంటాం. మా ఆయన డబ్బింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజినీరు. లోపల రికార్డింగ్ జరుగుతుంటే ఫోన్ బయటే వదిలేయాలి కాబట్టి, నాకు కష్టం వచ్చిన ఏ ఒక్కసారీ ఆయన ఫోన్ ఎత్తిన పాపాన పోలేదు. పాపకు మూడేళ్లు. జలుబు చేస్తే ఛాతీలోకి దిగి పిల్లికూతలు మొదలవుతాయి. జూబ్లీహిల్స్‌లో మా పిల్లల డాక్టరు క్లినిక్ ఉంది. నెబ్యులైజర్ పెట్టి కాసేపు మందు పీలిస్తే తేరుకునేది. అందుకే ఇంట్లో ఆ మిషన్ కొనలేదు.

మొన్నటి వానాకాలంలో ఒక ఉదయం పాప డొక్కలు ఎగరేయడం మొదలుపెట్టింది. ఆటో ఎక్కి క్లినిక్‌కి బయల్దేరాను. వాన, పైగా ఎవరో పెద్దాయన కాన్వాయ్ కోసం పైరోడ్డు ఆపేశారు. ఆటో కదలడం లేదు. పాప ఏడుపు మానేసింది. ఏడవడానికి ఊపిరి చాలక మానేసిందని నాకు అర్థమైంది. అద్దంలో చూస్తున్న ఆటో ఆయన, "గిట్ల కూసుంటే కాదమ్మా, సందులకెల్లి పోతే సర్కారు దవాఖాన దగ్గర్నే ఉంది" అని బండి తిప్పాడు.

ఆసుపత్రి గేటుకు బంతిపూల దండలు కట్టారు. గేటు బయట బోరబండ నుంచీ రహమత్ నగర్ నుంచీ వచ్చిన జనం చీటీలు కొంగుల్లో, జేబుల్లో దాచుకుని తడుస్తున్నారు. మాక్ డ్రిల్ ఉంది, ఓపీ బంద్, రేపు రండి అని గార్డు అందరికీ ఒకే మాట అప్పజెబుతున్నాడు. అత్యవసర పరిస్థితికి సిద్ధపడటం కోసం అత్యవసరంగా వచ్చినవాళ్లను గేటు దగ్గరే ఆపేశారు. ఇంత శ్రద్ధగా సిద్ధపడ్డవాళ్లను నేనెక్కడా చూడలేదు.

నాకూ అదే మాట చెప్పబోతుండగా పక్కన ఒక వ్యాన్ ఆగింది. అందులోంచి జూనియర్ ఆర్టిస్టులు దిగారు. ఆసుపత్రి సిబ్బందిని, వాళ్ల బంధువుల్ని రోగులుగా పడుకోమంటే అపశకునమని ఒక్కరూ ఒప్పుకోలేదని తర్వాత నర్సు చెప్పింది. ఇంత పెద్ద సినిమా పరిశ్రమను పక్కన పెట్టుకుని రోగులకు కరువేమిటని డ్రిల్ జరిపించే పైఅధికారికి తోచిందట. జూనియర్ ఆర్టిస్టులను సప్లై చేసే ఏజెంటుకు కబురు పెట్టారు. ఆ ఏజెంటే నన్ను చూసి నా దగ్గరికి వచ్చాడు.

"తల్లీపిల్లా క్యారెక్టర్ మీరేగా? ఏంటమ్మా ఇంత ఆలస్యం? నాకు మాట రాదూ?"

నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు. లోపల డాక్టర్లుంటారు, అదొక్కటే నాకు కావాలి. మా మనిషేనని గార్డుకు చెప్పి, పాప గౌనుకు ఎర్ర స్టిక్కరు అంటించి, నన్ను లోపలికి తోశాడు. ఎరుపంటే విషమ పరిస్థితి అట. ఆ రోజు ఆసుపత్రిలో ఒక మనిషికి సరైన స్టిక్కరు పడింది అక్కడొక్కచోటే. అది అంటించినవాడికీ ఆ సంగతి తెలియదు.

వార్డు కొత్త రంగుతో మెరిసిపోతోంది. పక్క మంచం మీద రహమత్ నగర్ నుంచి వచ్చిన జూనియర్ ఆర్టిస్టు ఒకావిడ, యాభై ఏళ్లుంటాయి, చీర కుచ్చిళ్లు సర్దుకుని వెల్లకిలా పడుకుంది. ఆమెది శవం వేషం. కళ్లు మూసుకునే ముందు మా పాప వైపు చూసి, "పోరికి మేకప్ మస్తు చేసిండ్రు, పెదవులు అచ్చం నీలంగున్నయ్" అని మెచ్చుకుంది. నేను వంగి పాప పెదవులు చూసి నర్సును కేకేశాను.

నర్సు వచ్చి పాప ముఖానికి మాస్కు పెట్టి మిషన్ ఆన్ చేసింది. ఆ చప్పుడు వినగానే దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. కానీ మాస్కులోంచి పొగ రావడం లేదు. మందు పోసే కప్పు తిప్పి చూశాను. పొడిగా ఉంది. నర్సును అడిగితే గొంతు తగ్గించి, డ్రిల్‌లో మందు వేయరని, స్టోరుకు తాళం ఉందని చెప్పింది. స్టోరు చూసే ఫార్మసిస్టు, తెల్ల రక్షణ దుస్తుల్లో తలనుంచి పాదాల దాకా మూసేసుకుని, వార్డు మధ్యలో నిలబడి ఉన్నాడు. అతనికి ఇచ్చిన వేషం అది.

చేతిలో స్టాప్‌వాచ్‌తో పైఅధికారి మా మంచం దగ్గర ఆగాడు. పాప డొక్కలు ఎలా లోపలికి పోతున్నాయో చూసి తృప్తిగా తల ఊపాడు.

"ఇది నటన కాదండీ. మా పాపకి నిజంగానే ఊపిరాడట్లేదు. ఇందులో మందు లేదు, పోయించండి" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. ఏజెంటు వైపు తిరిగి, "డైలాగ్ బాగానే ఉందయ్యా, కానీ మనం డైలాగులు అనుకోలేదు కదా. ఫ్లో దెబ్బతింటుంది" అన్నాడు.

నేను మళ్లీ చెప్పాను. ఏజెంటు నా భుజం తట్టి, అమ్మా ఓవరవుతోంది, కాస్త తగ్గించు అన్నాడు. గోడవారగా ఒక కుర్ర డాక్టరు నిలబడి ఉన్నాడు. అతని కాళ్ల ముందు నేల మీద టేపుతో గీత పెట్టారు. తన వంతు వచ్చేదాకా ఆ గీత దాటకూడదు. అతను పాపను చూస్తున్నాడు. చూస్తూనే నిలబడ్డాడు. అంత చదువు చదివి గీత దగ్గర ఆగిపోయాడు. ఇప్పటికీ అతన్ని క్షమించడం నా వల్ల కావడం లేదు.

పాపను ఎత్తుకుని గీత దాటి వెళ్లి అతని చేతుల్లో పెడదామని లేచాను. అంతలో శవం కళ్లు తెరిచింది. పాప చేయి పట్టుకుని చూసి, లేచి కూర్చుంది.

"సారూ, పోరి చేతులు సల్లగైనయ్. గిది యాక్టింగ్ కాదు. జర చూడుండ్రి."

చచ్చిన మనిషి ఎలా లేస్తుందని పైఅధికారి కోప్పడ్డాడు. చావుల లెక్క తప్పిపోతుందని ఆయన బాధ. "లెక్క నువ్వే సూస్కో" అని ఆమె మంచం దిగింది. ఎవరి స్క్రిప్టూ మిగలలేదని తేలాక కుర్ర డాక్టరుకు ధైర్యం వచ్చింది. వచ్చి స్టెతస్కోపు పెట్టాడు, వెంటనే స్టోరు తాళంచెవి అడిగాడు.

తాళంచెవి ఫార్మసిస్టు ప్యాంటు జేబులో ఉంది. ప్యాంటు తెల్ల సూటు లోపల ఉంది. సూటు జిప్పు మీద గాలి చొరకుండా టేపు అంటించారు, గ్లౌజులకూ టేపే. రెండు జతల గ్లౌజులతో అతను ఆ టేపు గిల్లుతున్నాడు. అది రావడం లేదు. నా ఒళ్లో పాప తల వాలిపోతోంది. రాష్ట్రానికి సంసిద్ధత అంటే ఏమిటో నేను ఆ రోజే చూశాను. మందును తాళం వెనక, తాళంచెవిని సూటు వెనక, సూటును టేపు వెనక భద్రంగా దాచుకోవడం. కత్తెర తెచ్చి సూటు కోయమన్నాడు డాక్టరు. అయ్యో, ఫొటోలు ఇంకా తీయలేదు అన్నాడు పైఅధికారి. ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోను. నర్సు ఆయన మాట విననట్టే సూటును నడుము దగ్గర కోసేసింది.

మందు వచ్చింది. మాస్కులో పొగ లేచింది. రెండోసారి మందు పోశాక పాప పెదవులకు రంగు తిరిగొచ్చింది. ఏడ్చింది. అంత కమ్మని ఏడుపు నేను వినలేదు. వెంటనే వార్డంతా చప్పట్లు మోగాయి. పైఅధికారి కూడా కొట్టాడు, తర్వాత మా వెనక నిలబడి ఫొటో దిగాడు.

మర్నాడు పేపర్లో ఆ ఫొటో వచ్చింది. సంసిద్ధతలో మన ఆసుపత్రులు భేష్ అని దాని కింద రాశారు. గేటు బయట తడిసినవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. ఏజెంటు కూడా ఫోన్ చేశాడు. నర్సు దగ్గర నంబరు తీసుకున్నాడట. ఇంకో ఆసుపత్రిలో డ్రిల్ ఉంది, పాప నేచురల్‌గా చేసింది, తీసుకురాగలరా అని అడిగాడు. ఈసారి పైఅధికారి మనవణ్ణి తీసుకెళ్లమని చెప్పి పెట్టేశాను.

తర్వాత ఒకరోజు నేనే ఏజెంటుకు ఫోన్ చేసి, రహమత్ నగర్ ఆమెను మళ్లీ కలవాలని అడిగాను. శవం సరిగా చేయలేదని ఆమెను పిలవడం మానేశారట.

ఇప్పుడు నెబ్యులైజర్ మా మంచం పక్కనే ఉంటుంది. మందు ఉందో లేదో రోజూ చూసుకుంటాను. మా ఆయన నవ్వితే నవ్వనీ. ముసాయిదా చివరిదాకా చదివాను. డ్రిల్ ఎలా ఫొటో తీయాలో ఉంది, నివేదిక ఎవరికి పంపాలో ఉంది. ఆ సమయంలో నిజమైన రోగి వస్తే ఏం చేయాలో లేదు. అభిప్రాయం రాసే చోట, డ్రిల్ రోజున కూడా గేటు తెరిచి ఉంచండి, మాస్కులో మందు పోయండి అని రాసి పంపాను. మీ సూచన విలువైనదని ఒక క్షణంలో జవాబు వచ్చింది. చదివి ఉంటే అంత త్వరగా రాదు.

ఈ సాయంత్రం పాప ఆసుపత్రి ఆట ఆడుకుంది. బొమ్మను పడుకోబెట్టి, దాని ముఖానికి మాస్కు పెట్టి, నోటితో మిషన్ చప్పుడు చేసింది. తర్వాత రెండు చేతులతో చప్పట్లు కొట్టి, నన్ను ఫొటో తీయమంది. ఆమెకు తెలిసిన ఆసుపత్రి అంతే.

నేను పక్కన కూర్చుని కప్పు మూత తిప్పాను. గ్లాసులోంచి నాలుగు చుక్కల నీళ్లు పోసి, ముందు మందు వేయాలి నాన్నా, చప్పట్లు తర్వాత అని చెప్పాను. పాప కప్పులోకి తొంగి చూసింది. బొమ్మకు మాస్కు తీసి, మళ్లీ మొదటినుంచీ పెట్టింది.