పెనాల్టీ తర్వాతి షిఫ్టు

ఉత్తరాదిన జాముల్ వైపు ఇనుప గర్డర్లు చేసే ఒక ఫ్యాక్టరీలో నేను క్రేన్ ఆపరేటర్ని. షెడ్డు కప్పు కింద వేలాడే అద్దాల గదిలో కూర్చుని, టన్నుల కొద్దీ బరువును గాలిలో అటూ ఇటూ నడిపిస్తుంటాను. కింద ఆ బరువుకు కొక్కెం తగిలించి, చేత్తో నాకు సైగ చేసే మనిషిని రిగ్గర్ అంటారు. మా షెడ్డులో రిగ్గర్ పాతికేళ్లు దాటిన కుర్రాడు, కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. తాతలది శ్రీకాకుళం, అతను పుట్టింది మాత్రం ఇక్కడే. తెలుగు కంటే హిందీ ధారాళంగా మాట్లాడతాడు గానీ, నన్ను మాత్రం అన్నాయ్ అనే పిలుస్తాడు.

మా ఇద్దరి మధ్యా పని ఒక పద్ధతిలో సాగేది. అతను కొక్కెం తగిలించి చెయ్యెత్తుతాడు. నేను గంట కొడతాను. గంట వినగానే అతను నాకు వీపు తిప్పి, దారిలో ఉన్నవాళ్లను తప్పిస్తూ ముందు నడుస్తాడు. కొంచెం దూరంలో బరువు అతని వెనకే వస్తుంది. రూల్స్ రాసినవాళ్లు ఇది చూస్తే గుండె పట్టుకుంటారేమో. మా షెడ్డులో మాత్రం మొదటినుంచీ ఇదే అలవాటు. రిగ్గర్ ఒకసారైనా వెనక్కి తిరిగి చూశాడంటే, ఆపరేటర్ మీద నమ్మకం లేదని అర్థం.

ఆ ఆదివారం మా కాలనీ సెక్టార్ మైదానంలో మా పర్మనెంటు వాళ్లకీ కాంట్రాక్టు వాళ్లకీ ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. నలభై దాటినా, పొట్ట వచ్చినా, మా జట్టు గోల్‌కీపర్ని నేనే. ఆట డ్రా అయి పెనాల్టీలకు వెళ్లింది. వాళ్ల చివరి పెనాల్టీ కొట్టడానికి మా రిగ్గర్ వచ్చాడు. అది పడితే వాళ్లదే గెలుపు.

పరిగెత్తుకొచ్చి, బంతి ముందు టక్కున ఆగిపోయాడు. నేనప్పటికే ఎడమ పక్కకి దూకేశాను. నేల మీద బోర్లా పడ్డ నన్ను చూసి నవ్వి, తీరిగ్గా వెనక్కి తిరిగి, మడమతో బంతిని ఖాళీ గోల్‌లోకి నెట్టాడు. అలా ఆగి కొట్టడం చెల్లదని అరిచాను. రిఫరీ కూడా నవ్వుతున్నాడు, ఇంక ఎవరికి చెప్పుకోను? అంతటితో ఊరుకున్నా బాగుండేది. నా దగ్గరికొచ్చి, చేతులు చెంప కింద పెట్టుకుని, పసిపిల్లని పడుకోబెట్టినట్టు "జోజో" అన్నాడు. గట్టు మీద కూర్చున్న మా అమ్మాయి కూడా పక్కున నవ్వేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. గోల్ వేసినందుకు కాదు. వెయ్యడం అతని పని, ఆపడం నా పని, ఆటన్నాక ఎవరో ఒకరు ఓడతారు. అక్కడ ఒక మనిషి నిలబడ్డాడన్న గౌరవం కూడా లేకుండా చేశాడు, అదీ నా బాధ. "రేపు షెడ్డుకి రానీ, వీడి సంగతి చూస్తాను" అని అందరి ముందూ గట్టిగా అనేశాను. ఓడినవాడి నోట ఇలాంటి మాటలు మామూలే. ఎవరూ పట్టించుకోరనుకున్నాను.

సోమవారం పొద్దున క్యాంటీన్‌లో అందరి ఫోన్లలోనూ ఆ వీడియోనే. నేను పడటం, అతను తిరగడం, జోజో, చివర్న నా గొంతు. సూపర్‌వైజర్ అతని భుజం తట్టి, "సంభల్ కే రహనా భాయ్, తేరా లోడ్ ఆజ్ ఉసీ కే హాథ్ మే హై" అన్నాడు. నీ లోడ్ ఇవాళ వాడి చేతిలోనే ఉంది, జాగ్రత్త అని. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. నా వైపు చూసి చప్పున తల దించుకున్నాడు.

నిచ్చెనెక్కుతుంటే భయం నాకూ పట్టుకుంది. ఇవాళ బరువుని కట్టే స్లింగు తెగితే? బ్రేకు జారితే? ప్రమాదమని ఎవరు నమ్ముతారు? నా గొంతుతోనే వీడియో ఉందాయె. అంతకంటే పెద్ద భయం ఇంకోటి. కోపం ఇంకా పోలేదు. నాకే తెలియకుండా చెయ్యి కాస్త దురుసుగా కదిలితే? లీవరు పట్టుకుంటే అరచేతుల్లో చెమట. ప్యాంటుకి తుడుచుకున్నాను, మళ్లీ పట్టింది.

మొదటి గర్డర్‌కి అతను కొక్కెం తగిలించి చెయ్యెత్తాడు. గంట కొట్టాను. అతను వీపు తిప్పలేదు. నా గది అద్దం మీంచి కళ్లు తియ్యకుండా, వెనక్కి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు.

అతని వెనక అడ్డంగా పట్టాలున్నాయి. ఇనుప ప్లేట్లు మోసే ట్రాలీ ఆ పట్టాల మీద వస్తుంది. అప్పుడే వస్తోంది కూడా. ప్లేట్లు ఎత్తుగా పేర్చి ఉన్నాయి, తోలేవాడికి ముందున్నది కనిపించదు. పైనుంచి నాకు మాత్రం అంతా కనిపిస్తోంది. గంట కొట్టాను. ఆ గంట వింటే ఎవరైనా చుట్టూ చూసుకుంటారు. అతను చూసుకోలేదు. బరువుతో మీదికొస్తున్నాననుకున్నాడు కాబోలు, ఇంకా వేగంగా వెనక్కి వెళ్లాడు. మళ్లీ కొడితే ఏకంగా పరిగెడతాడు. అరిస్తే ఆ చప్పుడులో వినపడదు. నా ప్రాణాలు పైనే పోయాయి.

లీవర్లు వదిలేశాను. వదిలితే క్రేన్ దానంతటదే ఆగుతుంది. రెండు చేతులూ పైకెత్తి అద్దానికి ఆనించాను. చూడు, నా చేతుల్లో ఏమీ లేదు, ఆగు, ఆగు అని నాలో నేనే గొణుక్కుంటున్నాను. అతను నా చేతులు చూశాడు. ఆగాడు. ట్రాలీ అతని వీపుని రాసుకుంటున్నట్టే వెళ్లిపోయింది.

గర్డర్ దించి నేను కిందికొచ్చాను. కొడతానేమోనని ఇద్దరు ముగ్గురు అడ్డం వచ్చారు. వాళ్లని తప్పించుకుని అతని ముందుకెళ్లాను.

"ఏరా, నీ మీద లోడ్ పడేస్తాననుకున్నావేటి?" అన్నాను. ఛ ఛ, లేదన్నాయ్ అంటాడని ఎదురుచూశాను.

అతను హెల్మెట్ తీసి మొహం తుడుచుకున్నాడు. "అనుకున్నాను" అన్నాడు. "నిన్న ఆటలో నాను అలగ సేత్తానని నువ్వనుకున్నావేటి అన్నాయ్?" అన్నాడు.

మ్యాచ్‌కి ముందు ఎవరైనా వచ్చి అడిగుంటే, వాడు అలాంటివాడు కాదని నేనే పూచీ పడేవాణ్ని.

"ముందుకి సూసి నడు" అని మాత్రం అని, మళ్లీ నిచ్చెనెక్కాను. కింద అతను చెయ్యెత్తాడు. గంట కొట్టాను. ఈసారి తిరిగాడు. మెడ బిగుసుకుపోయింది, భుజాలు ముడుచుకుపోయాయి, అయినా తిరిగి నడిచాడు. ఇన్నేళ్లలో ఏ బరువునీ నేనంత నెమ్మదిగా నడపలేదు.