ఆయన అనుమానం, నా అనుమానం

మా ఆయన సైన్యం నుంచి రిటైరై గుర్‌గావ్‌లో ఒక కంపెనీకి సెక్యూరిటీ ఆఫీసరుగా చేరాక, ఢిల్లీలోని జనక్‌పురిలో ఇల్లు తీసుకున్నాం. సరిహద్దులో ఆయన ఉన్న పోస్టు మీద గుండ్లు పడిన సంగతి నాకు తెలుసు. ఒంటిమీద గాయం లేకుండా వచ్చారు కదా అని తృప్తిపడ్డాను.

కొత్త ఇంట్లో ఆయనకు అందరిమీదా అనుమానమే. కొరియర్ వాళ్లు బెల్ కొడితే నన్ను తలుపు తీయనిచ్చేవారు కాదు. ఎదురుగా రోజూ ఒక తెల్ల వ్యాను ఆగితే, బాల్కనీలో నిలబడి దాన్నే చూసేవారు.

"అది పక్కోళ్ల బండి కాదు. మరెవుడిది?"

"ఎవరిదైతే మనకేటండీ?" అన్నాను.

కానీ ఆయన డ్యూటీకి వెళ్లాక నేనూ కర్టెన్ పక్కకు జరిపాను. డ్రైవరు తలెత్తి మా ఇంటివైపే చూసినట్టనిపించింది. మర్నాడు కింది ఫ్లాటు ఆంటీ "భాయ్ సాబ్ కబ్ ఆతే హైఁ?" అని, మా ఆయన ఎప్పుడొస్తారని అడిగితే, ఈవిడకెందుకని జవాబివ్వకుండా లోపలికి వచ్చేశాను. తీరా రెండ్రోజులకు ఆవిడే చెప్పింది, ఆ వ్యాను తన అల్లుడిదట. ఆ మాటే ఆయనకు చెప్పాను.

"అల్లుడని ఎవరు చెప్పారు? ఆవిడే కదా!" అన్నారు.

ఒక సాయంత్రం కరోల్ బాగ్‌లో చీరలు చూస్తుండగా, బయట పెళ్లి ఊరేగింపులో టపాకాయలు పేలాయి. మరుక్షణం నేను నేలమీద ఉన్నాను, ఆయన నా మీద అడ్డంగా ఉన్నారు. ఆయన గుండె నా వీపుకు తగిలి దడదడలాడుతోంది. నవ్వబోయిన దుకాణదారు ఆయన ముఖం చూసి ఆగిపోయాడు. లేచాక చూస్తే ఆయన చొక్కా చెమటతో తడిసి ముద్దైంది, చేతులు మాత్రం మంచులా ఉన్నాయి.

ఆ వారమే ఆయన్ని మానసిక వైద్యం చేసే ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. మనం ఆలోచించేలోపే మెదడు ప్రమాదమని కేక పెడుతుందట. గుండె వేగం పెరిగి, రక్తం కాళ్లూ చేతుల కండరాలకు పరుగెత్తుతుందట. సరిహద్దులో ఆయన ప్రాణం కాపాడింది అదే. ప్రమాదం దాటాక శాంతపరచాల్సిన నరాలు ఇప్పుడు ఆయనలో సరిగ్గా పనిచేయడం లేదని ఆమె చెప్పింది.

బయటికి రాగానే ఆయన గొంతు తగ్గించారు. "అన్నీ రాసుకుంతాంది. ఎవరికి పంపుతాదో!"

అయినా మందులు మొదలుపెట్టించాను. ఊపిరి నెమ్మదిగా వదిలే అభ్యాసం చేయమంటే, "ఊపిరి వదిల్తే భయం పోద్దా?" అన్నారు. ముందు నేనే చేయడం మొదలుపెట్టాను. బెల్ మోగితే అప్పటికి నాకూ గుండె ఝల్లుమంటోంది మరి. కొన్నాళ్లకు ఆయనా పక్కన కూర్చున్నారు.

చాలా నెలల తర్వాత మెట్రోలో నా భుజంమీద తల వాల్చి నిద్రపోయారు. అంత జనంలో ఆయన కళ్లు మూసుకోవడం అదే మొదలు. మా స్టేషను దాటిపోయినా లేపలేదు. ఎదుటి సీటులో ఒకతను మమ్మల్నే చూస్తున్నాడు. ఆయన లేచేదాకా అతని మీంచి నేను చూపు తిప్పలేదు.