విశ్వాసమ్మ వడిసెల

విశ్వాసమ్మను కర్నూలు పార్కులోంచి వెళ్లగొట్టింది పిట్టలను తోలిందని. ఇరవై రెండేళ్లు పిట్టలను తోలి కూడు తిన్న మనిషిని అప్పుడెవరూ ఏమీ అనలేదు. చెయ్యి కూడా ఎత్తని ఒక సాయంత్రం తోలిందని పేరు పెట్టి, మూట కట్టించి పంపించారు. చదువుకున్నవాళ్లు చేసే న్యాయం అలాగే ఉంటుంది.

ఆమె పుట్టింది కోయిలకుంట్ల పక్క పల్లెలో. తాత కాలంలోనే కిరస్తానీ మతంలో కలిసిన కుటుంబం. మిషను బడిలో రెండో తరగతి దాకా చదివింది. వాక్యం కూడబలుక్కుని చదువుతుంది, పేరు రాస్తుంది. ఆ కాస్త చదువుకు ఆమెకున్న గర్వం బి.ఏ. ప్యాసైనవాళ్లకు కూడా ఉండదు. వేలిముద్ర వెయ్యమని ఎవరైనా సిరాడబ్బా ముందుకు తోస్తే, పక్కకు జరిపి కలం అడిగేది. పెళ్లయి కర్నూలుకు ఆమడ దూరంలో ఉన్న నల్లరేగడి ఊరికి వచ్చింది. మొగుడు శాంతయ్య మంచివాడే గాని ఆయుష్షు లేనివాడు. ఊళ్లో గత్తర, అదే కలరా, తగిలిన ఏడాది మూడు రోజుల్లో పోయాడు. పిల్లాజెల్లా లేరు. ఆ ఊరి రెడ్డిగారి భార్య రామసుబ్బమ్మ ఆమెను జొన్నచేలో మంచె ఎక్కించింది.

జొన్న పాలు పట్టిన దగ్గర్నుంచి కోత దాకా చలిలో, మంచులో మంచె మీదే బతుకు. చేతిలో వడిసెల. గోగునారతో పేనిన తాడు, నడుమ రాయి పట్టేంత అల్లిక. తల చుట్టూ తిప్పి ఒక కొస వదిలితే రాయి చేను అవతలి గట్టున పడాలి. విశ్వాసమ్మ వేస్తే పడేది. మగవాళ్లు వేసినా అంత దూరం పోయేది కాదు. ఆ సంగతి ఆమె ఎవరూ అడగకపోయినా చెప్పేది.

తోలాల్సింది ముఖ్యంగా జొన్నపిట్టలను. గోరింకంత ఉంటాయి. తలా రెక్కలూ నలుపు, వీపూ పొట్టా లేత గులాబి. ఎండాకాలంలో ఒక్కటి కూడా కనిపించదు. చలికాలం వచ్చేసరికి ఏ దేశం నుంచో మబ్బు దిగినట్టు దిగుతాయి. ఒక్క గుంపు పావుగంట వాలిందంటే కంకుల్లో పొట్టే మిగిలేది. పొద్దు పొడుస్తూనే కర్నూలు దిక్కు నుంచి వచ్చేవి, పొద్దు గూకే ముందు మళ్లీ ఆ దిక్కుకే పోయేవి. అవి ఎక్కడ పడుకుంటాయో అని విశ్వాసమ్మ ఇరవై రెండేళ్లు అనుకుంది. పగలంతా తనతో పోట్లాడినవాళ్ల ఇల్లు ఎక్కడో తెలుసుకోవాలని ఎవరికైనా ఉంటుంది కదా.

యాభై మూడులో కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులకు ఇళ్లు లేక డేరాలు వేశారు. గుమాస్తాలు దుమ్ములో కూర్చుని సీమను తిట్టుకుంటూ రాసేవాళ్లు. తాగే నీళ్లకు జనం బిందెలతో కొట్లాడుకుంటున్న ఊళ్లో, పెద్దవాళ్లు సాయంత్రం తిరగడానికి పార్కు కావాలన్నారు. హంద్రి ఒడ్డున సీమచింతలూ తుమ్మలూ అల్లుకుపోయిన జాగా ఒకటి ఉంటే, చుట్టూ కంచె వేసి, రెండు బెంచీలు వేసి అదే పార్కన్నారు. నీళ్లు పోసే మనుషుల కోసం చూస్తున్నప్పుడు విశ్వాసమ్మ వెళ్లి నిలబడింది. అప్పటికే ఆమె కుడిభుజం పట్టేసి ఉంది. మంచె నిచ్చెన ఎక్కాలంటే మోకాళ్లు ఏడ్చేవి. పార్కు మూలన రేకుల గుడిసె ఇచ్చారు. మూడేళ్లు సరిగ్గా చేస్తే పర్మనెంటు చేస్తామన్నారు. ఇక చచ్చేదాకా మంచె ఎక్కక్కర్లేదని ఆమె ఆ రోజే దేవునికి చెప్పేసుకుంది.

ఆ చలికాలం మొదటి సాయంత్రం కడవ ఎత్తుకుని పోతూ తల పైకెత్తింది. జొన్నపిట్టలు. వేలల్లో వచ్చి, పార్కు మీద ఒక చుట్టు తిరిగి, సీమచింతల్లోకి బుట్టలో గింజలు పోసినట్టు పడ్డాయి. కడవ దించి నడుం మీద చేయి వేసుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత హెడ్డు మాలి కంబన్నతో, ఇన్నేండ్లకు దొంగల కొంప దొరికిందప్పా అందట.

ప్రేమ అని ఎవరైనా అంటే ఆమె ఒప్పుకునేది కాదు. పని తెలిసినవాళ్లకు ఇంకొకరి పని తీరు చూడబుద్ధేస్తుంది, అంతే. మూడు చలికాలాలు చూసింది. బెంచీల పక్క నున్నటి చెట్ల మీద అవి వాలవు. ముళ్లు చిక్కగా ఉన్న చోటే దూరతాయి, ఒకదాన్ని ఒకటి ఒరుసుకుని పడుకుంటాయి. పడుకునే ముందు నీళ్లాడాలి వాటికి. ఆమె పోసిన నీళ్లు పారి పల్లంలో జానెడు లోతున మడుగు కట్టేవి, అందులో రెక్కలు కొట్టుకుని గోలగోల చేసి చెట్టెక్కేవి. మాఘం దాటి కంచె పక్క బూరుగ పూస్తే ఎర్రపూలల్లోకి తలలు దూర్చి తేనె తాగి, ముక్కులకు పుప్పొడి పూసుకుని తిరిగేవి. పచ్చిక మీద మిడతలను ఏరేవి. ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే చూస్తే ఒక్కటీ ఉండేది కాదు. కింద రాలిన రెట్టను ఊడ్చి ఆమె పూలమొక్కల మొదళ్లలో వేసేది. ఆ మొక్కలకు మెచ్చుకోలు వచ్చినప్పుడు అది సూపర్నెంటు జగన్నాథరావుకు పోయేది.

ఆయన కోస్తా మనిషి. మద్రాసులో పనిచేసి వచ్చాడు. ఇస్త్రీ బట్టలకు దుమ్ము అంటకుండా నడవడమే ఆయన చేసే పనుల్లోకెల్లా కష్టమైన పని. యాభై ఆరు ఫిబ్రవరిలో ఆయనకు కబురొచ్చింది. ఢిల్లీ నుంచి పిట్టల శాస్త్రం తెలిసిన పెద్దాయన ఒకరు వస్తున్నాడు, పార్కులో పిట్టలు దిగేది చూస్తాడు, వెంట పై అధికారులుంటారు. జగన్నాథరావు నిలువునా ఎగిరాడు. పెద్దవాళ్ల కళ్లకు ముళ్లకంప కనబడకూడదు, సీమచింతలన్నీ కొట్టేయమన్నాడు. మడుగులో దోమలుంటాయి, మట్టి వేసి పూడ్చమన్నాడు.

విశ్వాసమ్మ ఆఫీసు గుమ్మం దగ్గరికి పోయి నిలబడింది. లోపల కంబన్నా, ఇద్దరు గుమాస్తాలూ ఉన్నారు.

"సారూ, ఆ ముండ్లు కొట్టించొద్దు. ముండ్లు ఉండాయనే అవి ఈడ పండుకునేకి వస్తాండాయి. పిల్లి ఎక్కలేదు, గుడ్లగూబ దూరలేదు."

"ముళ్లు కావాలంటే ఊరి బయట లేవా? తోట చక్కగా ఉందని వస్తున్నాయి, ఇంకా చక్కగా ఉంటే ఇంకా వస్తాయి," అన్నాడు ఆయన.

"ఊరి బయట ముండ్లను జనం పొయ్యిల్లోకి కొట్టుకుంటారు సారూ. ఈడ కావిలి ఉండాదని ఎవురూ చెయ్యేయరు. అది పిట్టలకు కూడా తెలుసు."

గుమాస్తాలు నవ్వారు. పిట్టల మనసు నీకెట్లా తెలుసు అన్నాడు జగన్నాథరావు.

అక్కడ ఆమె నోరు మూసుకుని ఉంటే బాగుండేది. కానీ గర్వం ఉన్న మనిషి. "ఇరవై రెండేండ్లు వడిసెలతో కొట్టినా వాటిని. నాకు తెలీక ఇంకెవురికి తెలుస్తాది," అంది. నలుగురు విన్నారు.

రెండు రోజులు గొడ్డళ్లు ఆడాయి. కొట్టించింది కంబన్నే. మొదళ్లు కనపడకుండా మట్టి కప్పారు. మిగిలిన నున్నటి చెట్లకు సున్నం కొట్టి, ఎర్రమన్ను చారలు దిద్దారు. రంగు కాగితాల జెండాలు తాళ్లకు కట్టి అటూ ఇటూ లాగారు. ఇరవై కుర్చీలు వేశారు. పెళ్లి జరుగుతుందేమో అనుకుని దారిన పోయేవాళ్లు తొంగి చూశారు.

అనుకున్న రోజు సాయంత్రం పెద్దాయన వచ్చాడు. మెడలో దుర్భిణి, కాళ్లకు దుమ్ముకొట్టుకున్న బూట్లు. మాట మెల్లన. విశ్వాసమ్మ ఉతికిన చీర కట్టుకుని కంచె పక్క చేతులు కట్టుకుని నిలబడింది. వేళకు పిట్టలు వచ్చాయి. ఒక చుట్టు తిరిగాయి. మడుగు ఉన్న చోటుకు ఒక పాయ దిగబోయి, ఎండిన మట్టిని చూసి లేచింది. గుంపంతా జెండాల దాకా వచ్చి, నీళ్లు చల్లితే చెదిరినట్టు చెదిరి మళ్లీ కూడింది. అట్లా మూడుసార్లు. నాలుగోసారి తిరగలేదు. హంద్రి దాటి పోయింది. అవతల కిరస్తానీ సమాధుల దొడ్లో తుమ్మకంప ఉంది, అక్కడికే పోయాయని విశ్వాసమ్మకు తెలుసు. ఒక్కరు అడిగితే పెద్దాయనను చేయి పట్టుకుని తీసుకుపోయి చూపించేది. ఎవరూ అడగలేదు.

పెద్దాయన అడిగింది జగన్నాథరావును. ఎందుకు దిగలేదు అని. సూపర్నెంటు వెనక్కి తిరిగి చూశాడు. చారలు దిద్దిన చెట్లూ, జెండాలూ కనిపించాయి, కంచె పక్క ముసలమ్మ కనిపించింది. నీళ్లు పోసే మనిషికి వడిసెలతో పిట్టలను కొట్టే అలవాటుంది, ఎన్నిసార్లు చెప్పినా వినదు, తనే ఒప్పుకుంది కూడా అన్నాడు. ఆ పెద్దాయన చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. అంత దూరం చూపించే దుర్భిణిలో నాలుగడుగుల దూరంలో మట్టి కప్పిన మొదళ్లు కనబడలేదేమో.

మరునాడు గుడిసె వెతికారు. వడిసెల గోడకు ఆ మేకు నుంచి ఈ మేకుకు కట్టి ఉంది, దాని మీద చీర ఆరుతోంది. ఏమిటిది అంటే బట్టలారేసుకునే తాడంది. అంతకు ముందో అంటే వడిసెల అంది. అబద్ధం ఆడటం నేర్వలేదు, అదొక్కటి ఆ మిషను బడిలో సరిగ్గా చెప్పారు.

వడిసెలను విప్పి ఆఫీసుకు పట్టుకుపోయారు. అక్కడ కాగితం సిద్ధంగా ఉంది. తప్పు ఒప్పుకుని సంతకం చేస్తే కాగితం ఫైల్లో ఉంటుంది, ఉద్యోగం ఉద్యోగంగా ఉంటుంది, నవంబరులో పర్మనెంటు కూడా ఆగదు అన్నాడు జగన్నాథరావు. ఆయనకు కావాల్సింది పైవాళ్లకు పంపడానికి ఒక కాగితం, అంతే. విశ్వాసమ్మ దాన్ని వెలుతురుకు పట్టుకుని అక్షరం అక్షరం కూడుకుంది. గుమాస్తా ఆవులించాడు.

"'నా చెడ్డ అలవాటు చొప్పున' అని ఉండాది. ఇది ఎవురి మాట సారూ?"

ఆయన గడియారం చూసుకున్నాడు. కంబన్న దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఒక గీత గీయక్కా. ఏం పోతాది? గుడిసె ఉంటాది, పని ఉంటాది. పిట్టలేమన్నా వచ్చి సాక్షం చెప్తాయా?"

"నువ్వు చెప్పొచ్చు కదప్పా కంబన్నా. గొడ్డలి నీదే కదా."

కాగితం అడుగున అప్పటికే కంబన్న వేలిముద్ర ఉంది, సాక్షి అని. పెళ్లాం బిడ్డలు గలవాడు. పెళ్లాం బిడ్డలు గలవాళ్లు చేసినన్ని తప్పులు లోకంలో ఒంటిగాళ్లు చెయ్యరు.

విశ్వాసమ్మ కలం తీసుకుంది. చూసింది. మళ్లీ సిరాబుడ్డి పక్కన పెట్టింది.

"నేను తోలిన పొద్దు తోలినానని నలుగురిలో చెప్పినా. తోలని పొద్దుకు నా పేరు రాసియ్యను సారూ."

సాయంత్రానికి గుడిసె ఖాళీ చేయమన్నారు. మూట కట్టుకున్నాక ఆమె మళ్లీ ఆఫీసు గుమ్మం దగ్గరికి వచ్చింది. క్షమాపణకు వచ్చిందనుకుని జగన్నాథరావు కుర్చీలో వెనక్కి వాలాడు.

"వడిసెల ఇయ్యండి సారూ. ఇంక దాంతో పని పడేట్లుండాది."

ఆమడ దూరం నడిచి ఊరు చేరింది. ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారు? రామసుబ్బమ్మ అరుగు మీద కూర్చుని తమలపాకుల ఈనెలు తీస్తోంది.

"పట్నంలో దొరల తోట అయిపాయెనా ఇస్వాసమ్మా? పర్మనెంటు అయితాండావని చెప్పి పోతివే."

"అయితినమ్మా. మంచె మీద."

ఆ నవంబరులో రాజధాని హైదరాబాదుకు పోయింది. ఫైళ్లూ కుర్చీలూ లారీలెక్కాయి, జగన్నాథరావు కూడా ఎక్కాడు. పార్కులో నీళ్లు పోసే దిక్కు లేదు. ఆయన నాటించిన పూలమొక్కలు మాడిపోయాయి. కొట్టేసిన సీమచింతలు మాత్రం మొదళ్ల నుంచి ఎగదన్నుకొచ్చాయి. రెండో ఏడు సంతలో కంబన్న కనబడి చెప్పాడు: కంప మనిషెత్తు దాటింది, మళ్లీ జొన్నపిట్టలు పడుకుంటాండాయి. ఆ పని నీదే, రా అక్కా అని మాత్రం అనలేదు. ఆ పనే లేదు. ఆమె విని, సరేలే అప్పా అని, చింతకాయలు బేరమాడింది.

మరునాడు తెల్లవారుతూనే కర్నూలు దిక్కున మబ్బు లేచింది. అది దగ్గరపడి, విడిపోయి, చేను మీద వాలింది. గులాబి వీపుల కింద కంకులు వంగాయి. గట్టు మీంచి రామసుబ్బమ్మ కేకేసింది.

"కంకులు పోతాండాయి, చూస్తాండావా?"

"చూస్తాండానమ్మా."

విశ్వాసమ్మ అల్లికలో రాయి పెట్టింది. భుజం కలుక్కుమంది. మూడు చుట్లు తిప్పి కొస వదిలింది. రాయి పడాల్సిన చోటే పడింది. ఒకటి రాలింది, మిగిలినవి లేచిపోయాయి. ఆ పొద్దు తోలింది ఆమే. ఎవరైనా కాగితం తెచ్చి ఉంటే సంతకం పెట్టేది. ఎవరూ తేలేదు.