ఎరుపు తిరగని కాయలు

దీవి నడుమ ఎత్తు మీదున్న వకోవాలో వాన పడని వారం ఉండదు. అక్కడి బాలికల పాఠశాలలో జీవశాస్త్రం చెప్పే గౌరీదేవికి ఆ చలి అలవాటు కావడానికి రెండేళ్లు పట్టింది. ఆమె పుట్టి పెరిగింది ఉత్తరాన, ఎండ మండే పిటాన్‌లో. తండ్రి పోలయ్య ఎస్టేటులో చెరకు కొట్టేవాడు. తర్వాత కాస్త నేల కౌలుకు తీసుకుని, చెరకు సాళ్ల మధ్య టమాటా వేయడం మొదలుపెట్టాడు. ఆ దీవిలో టమాటాను పోమ్ దామూర్ అంటారు. తెలుగు ఇళ్లలో కూడా దానికి వేరే పేరు లేదు. తల్లి చిన్నప్పుడే పోతే, మేనత్త మంగమ్మ పెంచింది. ఆడపిల్లకి అంత చదువెందుకని పొరుగువాళ్లు అడిగితే పోలయ్య వాదించేవాడు కాదు. మర్నాడు పొద్దున్నే కూతుర్ని సైకిలు మీద కూర్చోబెట్టుకుని గుడ్‌ల్యాండ్స్ బడికి వెళ్లే బస్సు ఎక్కించి వచ్చేవాడు.

చదువు ఆమెకు తేలిగ్గా రాలేదు. ఇంట్లో దీవి జనమంతా మాట్లాడే క్రెయోల్, ప్రార్థనలో తెలుగు, బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి. ఇన్నింటి మధ్య వెనకబడుతూ వచ్చిన పిల్లను నిలబెట్టింది సూక్ష్మదర్శిని. ఒకసారి పండు మిరపకాయ తొక్కను పలచగా కోసి అద్దం కింద పెట్టింది. ఆ ఎరుపు పైన పూసినట్టు లేదు. నీళ్లలా తేటగా ఉన్న కణాల్లో అక్కడక్కడ ఎర్రటి నలుసులు. ఆ నలుసులు ఎలా వచ్చాయి, అక్కడే ఎందుకున్నాయి అన్న ప్రశ్న పట్టుకుని ఆమె టీచరయ్యే దాకా వచ్చింది.

పందొమ్మిది వందల అరవైలో ఫిబ్రవరి చివర కెరోల్ తుఫాను వచ్చింది. హెచ్చరిక వినగానే పోలయ్య, మంగమ్మ చేనుకి పరుగెత్తి, ముదిరిన పచ్చి కాయలన్నీ కోసి, రాతి గోడల దుకాణమొకటి ఉంటే అందులో పెట్టించారు. మనుషులు కూడా అక్కడే తలదాచుకున్నారు. గాలి తగ్గాక బయటికొచ్చి చూస్తే ఇల్లు లేదు. చెరకు నేలకి పరుచుకుపోయింది. మిగిలింది ఆ బుట్టలే. ఎగిరిపడిన రేకులు ఏరి తెచ్చి పోలయ్య ఒక పాక వేశాడు. అందులో ఒక మూల వాళ్లిద్దరూ, మిగతా చోటంతా టమాటాలు.

రోడ్ల మీద పడిన చెట్లు తీసి బస్సులు నడిచేసరికి కొన్నాళ్లు పట్టింది. మొదటి బస్సులోనే గౌరీదేవి వచ్చింది. తండ్రి ఒళ్లంతా గీరుకుపోయి ఉంది. ఆయన ఆమెను నేరుగా కాయల దగ్గరికి తీసుకెళ్లాడు.

"చూడు. పచ్చ పోయింది. ఎరుపు రాలేదు."

కాయలన్నీ పసుపు తిరిగి ఆగిపోయాయి. నొక్కితే మెత్తగానే ఉన్నాయి. గుడ్‌ల్యాండ్స్ బజారు వ్యాపారి రోజర్ వచ్చి చూసి, ఉప్పుగాలి సోకి జబ్బు చేసిందని, ఇలాంటివి తిని జనం పడకేస్తే తన మీదకొస్తుందని చెప్పి వెళ్లిపోయాడట. ఆ మాట అప్పటికే ఊరంతా పాకింది.

"పాకలో చీకటిగా ఉంది కదా నాయనా. ఎండ చాలలేదేమో. బయట పెట్టి చూద్దాం," అంది గౌరీదేవి.

పోలయ్య ఆమె మాట మీద సగం బుట్టలు ఎండలో పరిచాడు. మర్నాటి సాయంత్రానికి వాటి వీపుల మీద తెల్లటి బొబ్బలు లేచాయి. తర్వాత నీరు కారడం మొదలైంది. మంగమ్మ చీపురు తెచ్చి వాటిని గోతిలోకి ఊడ్చింది. ఆ చప్పుడు గౌరీదేవికి తిట్టుకంటే ఎక్కువగా తగిలింది.

పాకలోని పసుపు కాయలు కొన్ని సంచిలో వేసుకుని ఆమె వకోవా తిరిగొచ్చింది. ఒకటి కోసి అద్దం కింద చూసింది. కణాలు బాగానే ఉన్నాయి. జబ్బు జాడేమీ కనబడలేదు. నలుసుల్లో లేత నారింజ ఛాయ ఉంది. పండిన కాయలో మెరవాల్సిన ఎర్రటి సూదులు మాత్రం లేవు. కారణం తోచలేదు. మిగతా కాయల్ని టీచర్ల గది కిటికీలో పెట్టి పాఠాల్లో పడిపోయింది. వారం రోజులూ ముసురు పట్టింది. శుక్రవారం గొడుగు తీసుకుందామని కిటికీ దగ్గరికి వెళ్తే కాయలు ఎర్రగా ఉన్నాయి.

ఆమె గొడుగు సంగతి మరిచిపోయింది. ఒక కాయ కోసి అద్దం కింద పెట్టింది. సూదులు వచ్చాయి.

తనకు తెలిసిందంతా మళ్లీ మొదటి నుంచి పేర్చుకుంది. పచ్చి కాయ కణాల్లో ఆకుల్లో ఉండేలాంటి పచ్చటి నలుసులే ఉంటాయి. పసుపు వాటిలో ముందే ఉంటుంది, కానీ పచ్చదనం దాన్ని కమ్మేస్తుంది. కాయ ముదిరాక పచ్చదనం విరిగిపోతుంది. నలుసు చావదు. లోపలి పొరలు కరిగించుకుని, కొత్త రంగు తయారుచేసి దాచుకునే కొట్టుగా మారుతుంది. చిన్న చిన్న ముక్కల్ని అతికించి పొడవాటి గొలుసు చేస్తుంది. మొదట ఆ గొలుసుకి రంగుండదు. దాన్నుంచి ఉదజని కొంచెం కొంచెంగా తీసేసేకొద్దీ పసుపు, నారింజ దాటి ఎరుపు తేలుతుంది. ఆ ఎర్ర గొలుసు కొసలు రెండూ ఉంగరాల్లా చుట్టుకుంటే మళ్లీ నారింజ పసుపే. క్యారెట్‌లో ఉండేది అది. ఈ రంగులు నీళ్లలో కరగవు. అందుకే మిరపకాయలో కొవ్వు బొట్లలోనూ, టమాటాలో సూదుల్లా గడ్డకట్టీ కొట్టులోనే నిలిచిపోతాయి. వకోవాలో ఈ పని సాగింది, పిటాన్‌లో ఆగింది. రెండుచోట్లకీ తేడా ఒక్కటే. రేకుల కింద వేడి.

శనివారం పొద్దున్నే పిటాన్‌లో దిగింది. పాకలో థర్మామీటరు వేలాడదీసి చూసుకున్నాకే తండ్రితో మాట్లాడింది.

"ఇవి చెడిపోలేదు నాయనా. వేడికి పని ఆపుకున్నాయి అంతే. చల్లటి చోట పెడితే ఎరుపు వస్తుంది."

"వేడి లేకుండా కాయ ఎలా పండుద్ది? మీ అవ్వ గడ్డి కప్పి పండించేది కాదా?"

"గడ్డి వెచ్చదనం వేరు, ఈ రేకు వేడి వేరు. ఇంత వేడిలో పసుపు తయారవుద్ది. ఎరుపు అవ్వదు."

"ఎండలో పెట్టమంది నువ్వే కదా?"

"నేనే. చూడకుండా చెప్పాను. ఇప్పుడు చూసి చెప్తున్నా." సంచిలోంచి ఎర్ర కాయలు తీసి చాప మీద పెట్టింది. "ఇవి ఇక్కడివే."

పోలయ్య ఒక కాయ తీసుకుని తొడిమ దగ్గర తిప్పి తిప్పి చూశాడు. మంగమ్మ ఇంకో కాయ అందుకుని కొరికింది.

"మనవే," అంది.

లారీ నడిపే మార్సెల్ ఆ రోజుల్లో వకోవా వైపు కలప తెచ్చుకోవడానికి ఖాళీగా వెళ్తున్నాడు. బుట్టలన్నీ అతని లారీలో ఎక్కించారు. గౌరీదేవి అద్దెకుంటున్న ఇల్లు జీన్ అనే ముసలావిడది. లారీ చూసి ఆవిడ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. ఇది ఇల్లా, బజారా అని క్రెయోల్‌లో గట్టిగా అడిగింది. తుఫాను సంగతి, పాక సంగతి విన్నాక వరండా వరకు ఒప్పుకుంది. సాయంత్రానికి కాయలు గౌరీదేవి మంచం కిందికీ, బల్ల మీదికీ వచ్చేశాయి. మర్నాడు ఆ ముసలావిడే తన భోజనాల గదిలో పాత దుప్పటి పరిచింది.

పోలయ్య కూడా ఉండిపోయాడు. రోజంతా కంబళి కప్పుకుని కాయల మధ్య తిరుగుతూ, కుళ్లినవి ఏరేసేవాడు. కుళ్లినవి తక్కువేమీ కాదు. ఇల్లంతా పులిసిన వాసన. నాలుగో రోజుకి అడుగున పెట్టిన కాయలు ఎరుపెక్కడం మొదలెట్టాయి. ఆయన కూతుర్ని పిలవలేదు. ఆమె బడి నుంచి వచ్చేసరికి ఎర్రవన్నీ ఒక వరసలో పేర్చి ఉంచాడు.

ఆ ఆదివారం గౌరీదేవి ఆయన్ని బడికి తీసుకెళ్లింది. సూక్ష్మదర్శినిలో ఎలా చూడాలో చెప్పింది. ఆయన ముందు రెండు కళ్లూ మూసుకున్నాడు. తర్వాత తన రెప్పే కనబడుతోందన్నాడు. చివరికి కదలకుండా ఉండిపోయాడు.

"ఎర్రగా... ముళ్లలాగా ఉన్నాయి."

"అదే నాయనా రంగు. కణం తయారుచేసి అక్కడే దాచుకుంది."

"దాచుకుని ఏం చేసుకుంటది?"

"పిట్టలు చూడాలి కదా. తింటే గింజలు ఎక్కడెక్కడో వేస్తాయి."

"మరి మనం తెంపుకుంటన్నామే."

"మనం కూడా గింజలు వేస్తున్నాం కదా."

ఆయన నవ్వి మళ్లీ వంగి చూశాడు. గౌరీదేవి బల్లలన్నీ తుడిచి, కిటికీలన్నీ మూసే దాకా ఆయన లేవలేదు.

తుఫాను తర్వాత కూరగాయలు దొరకని రోజులు కావడంతో వకోవా బజారులో ఆ కాయలు ఇట్టే అమ్ముడుపోయాయి. ఇల్లు లేవడానికి మాత్రం ఆ డబ్బు ఏ మూలకీ చాలలేదు. పోలయ్య, మంగమ్మ ఇంకో ఏడాది రేకుల కిందే గడిపారు. కానీ మరుసటి వేసవి నుంచి పిటాన్‌లో మరో ఇద్దరు ముగ్గురు రైతులు ఎండలు ముదిరాక పచ్చి కాయలు మార్సెల్ లారీలో పైకి పంపడం మొదలుపెట్టారు. జీన్ తన వెనక గది వాళ్లకి అద్దెకిచ్చింది. మార్సెల్ నడుం నొప్పితో లారీ అమ్మేసే దాకా అది సాగింది.

గౌరీదేవి ఆ బడిలోనే తెలుగు చెప్పే జగన్నాథాన్ని పెళ్లి చేసుకుంది. వారాంతాల్లో ఆయన నడిపే తెలుగు తరగతికి వెళ్లి, పిల్లలకి ఇంటి కూరగాయలతోనే కణాల సంగతి చెప్పేది. సరైన మాట దొరకనప్పుడు ఆయన్ని అడిగేది. ఆయనకీ తెలియనప్పుడు ఇద్దరూ క్రెయోల్‌లో చెప్పేవారు. పోలయ్య అరవై ఏడు చలికాలంలో, కొత్తగా కట్టిన సిమెంటు ఇంట్లో, నిద్రలోనే పోయాడు. మంగమ్మ కౌలు చేను వదిలేసి, చలి గురించి సణుక్కుంటూ మేనకోడలి దగ్గరికి వచ్చేసింది.

మరుసటి మార్చిలో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. బడిలో నాలుగు రంగుల కొత్త జెండా ఎగిరింది. పరీక్ష ప్రశ్నలు మాత్రం ఇంగ్లండు నుంచే వచ్చాయి. అక్కడి అడవుల్లో ఆకులు రాలే ముందు ఎందుకు పసుపు తిరుగుతాయని ఒక ప్రశ్న. పిల్లల్లో ఒక్కరూ ఆ అడవులు చూసినవాళ్లు కారు. గౌరీదేవి చెప్పిన టమాటాల పాఠం విన్నవాళ్లు కనక, పచ్చదనం విరిగిపోతే కింద దాగిన పసుపు బయటపడుతుందని మాత్రం అందరూ సరిగ్గానే రాశారు. మంగమ్మకి ఆ సంగతి చెబితే, చట్నీ నూరుతున్న చెయ్యి ఆపకుండా, "రాయరా మరి? ఆ పాఠం కోసం కుళ్లు కాయల వాసనంతా ఎవరు భరించారు?" అంది.