అద్భుతం అననందుకు

ఆ రోజుల్లో నాకున్న కోపమంతా సినిమాల మీదే ఖర్చయ్యేది. షేర్ ఆటోలో నా ఒళ్లో తన బ్యాగు పెట్టి నిద్రపోయినవాడి మీద రాని కోపం, థియేటర్లో లైట్లు ఆరగానే ఎక్కడినుంచో తన్నుకొచ్చేది. అలాగని పాత సినిమాలన్నిటికీ కళ్లు మూసుకుని దండం పెట్టే రకాన్ని కూడా కాదు. నలభై దాటిన హీరో పరుగెత్తుకుంటూ వచ్చి బీఏ ఫస్టు క్లాసులో పాసయ్యానని తల్లి కాళ్లమీద పడితే, ఇన్నేళ్లూ ఏ క్లాసులో కూర్చున్నావురా అని టీవీని నిలదీసేదాన్ని. క్షయతో రక్తం కక్కుకుంటున్న హీరోయిన్ జడలో మల్లెపూలు మాత్రం వాడకుండా ఉంటే పళ్లు కొరికేదాన్ని. అయినా పాతవాటిలో ఒక మర్యాద ఉండేది. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు వినేవాళ్లు. కొత్తవాటిలో వినేవాడే లేడు. హీరో కారు దిగడానికి పట్టే సమయంలో పాత సినిమాలో ఒక పెళ్లి కుదిరి, చెడి, మళ్లీ కుదిరేది. హీరోయిన్ ఏ ఉద్యోగం చేస్తుందో ఆమెకూ తెలియదు, రాసినవాడికీ తెలియదు. ఇప్పుడైతే తెరంతా చీకటి చేసి, ఆ చీకట్లో ఎవరు ఎవరిని నరుకుతున్నారో మనల్నే ఊహించుకోమంటున్నారు. చివరిదాకా ఓపిక పడితే మిగతా కథ రెండో భాగంలో అంటున్నారు (ఈ కోపం మాత్రం నాకు ఇప్పటికీ తగ్గలేదు. భోజనానికి పిలిచి, అన్నం వడ్డించి, కూర వచ్చే ఏడాది అన్నట్టు). నేను చెప్పులేసుకుంటుంటే మా అమ్మ వంటింట్లోంచి, "సినిమాకు పోతున్నవా, కొట్లాటకు పోతున్నవా? జర చెప్పిపో, అన్నం ఎంత వండాల్నో తెలుస్తది," అనేది. కోపంగా తిరిగొచ్చిన రోజు నేను రెండింతలు తినేదాన్ని మరి.

అలాంటి నాకు నానక్‌రామ్‌గూడలో, ఒక అద్దాల మేడలో, టెస్టర్‌గా మొదటి ఉద్యోగం వచ్చింది. ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడమే పని. దేవుడు నన్ను చూసే ఈ ఉద్యోగం కనిపెట్టాడనుకున్నాను. చందానగర్ నుంచి కంపెనీ క్యాబులో వెళ్తూ ముందు రోజు చూసిన సినిమాను తిట్టేదాన్ని, మధ్యాహ్నం క్యాంటీన్లో మిగిలింది తిట్టేదాన్ని. నెల తిరగకముందే నాకు 'సెన్సార్ అక్క' అని పేరు పెట్టేశారు. మా టీమ్ లీడు రాజమండ్రి వైపు మనిషి. నా పాలిట ఆయనే పెద్ద శత్రువు, ఎందుకంటే ఆయనకు ప్రపంచంలో ప్రతిదీ అద్భుతమే. క్యాంటీన్ సాంబారు అద్భుతం. క్లయింటు ఫోన్లో తిట్టిన తిట్లు అద్భుతం. ఏసీ చెడిపోయిన రోజు కిటికీలోంచి వచ్చిన సిమెంటు దుమ్ము కూడా, "సహజమైన గాలి, అద్భుతమండి." మేమంతా ఆయన్ని అద్భుతం గారనే పిలుచుకునేవాళ్లం. ఏ సినిమా గురించి అడిగినా అదే మాట. ఆ మాట వింటే నాకు నషాళానికి అంటేది.

నేను పట్టిన తప్పులు సరిదిద్దే డెవలపర్ కడప జిల్లా అబ్బాయి. హఫీజ్‌పేట్ స్టేషన్ దగ్గర గది తీసుకుని ఉండేవాడు. ఎంత పెద్ద తప్పు చూపించినా "సరే మేడం" తప్ప ఇంకో మాట అనడు కాబట్టి అతను మౌనస్వామి అయ్యాడు. నేను చేరిన ఏడాది, ఊళ్లో పొలం పనులున్నాయని జీతం లేని సెలవు పెట్టి, మొహం నల్లగా మాడ్చుకుని తిరిగొచ్చాడు. పొలంలో ఎండ దెబ్బేమో అనుకుని జాలిపడ్డాం. తర్వాతి ఏడాది ఒకరోజు క్యాంటీన్లో నేను ఎవరినో తిడుతుండగా మధ్యలో గొంతు సవరించుకుని, "మేడం, నేనొక సినిమా తీసినాను. ఈ శుక్రవారం రిలీజు. మీరందరూ రావల్ల," అన్నాడు. నా చేతిలో చపాతీ ముక్క అలాగే ఉండిపోయింది. పొలం పనుల పేరుతో మనవాడు స్నేహితులతో కలిసి, వాళ్ల ఊరి చుట్టుపక్కలే సినిమా చుట్టేశాడన్నమాట. అద్భుతం గారు సినిమా చూడకముందే ఆ మాట అనేశారు.

శుక్రవారం మధ్యాహ్నం టీమంతా ఒక మల్టీప్లెక్సులో దిగాం. మౌనస్వామి ఇస్త్రీ చొక్కా వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. పక్కన వాళ్లమ్మ, జరీ అంచు చీరలో, ఏసీకి కొంగు భుజాల చుట్టూ కప్పుకుని. కొడుకు సినిమా చూడటానికి రైలెక్కి వచ్చిందామె. ఆరోజు మాత్రం కోపం తెచ్చుకోకూడదని ఒట్టేసుకునే లోపలికి వెళ్లాను. ఆ ఒట్టు పేర్లు పడేవరకే నిలబడింది. హీరో (రియల్ ఎస్టేట్ చేసే స్నేహితుడట) ఒక బండరాయి మీద నిలబడి సూర్యుణ్ని చూశాడు. మేం హీరోని చూశాం. సూర్యుడు ఎవరినీ పట్టించుకోకుండా అస్తమించాడు. ఆ తర్వాత ఒక గంభీరమైన గొంతు, "సూర్యుడు అస్తమించాడు," అని చెప్పింది. కథ నీళ్లు పడని బోర్ల గురించి, ఒక రైతు కుటుంబం గురించి. కానీ రైతు నోరు తెరిస్తే కవిత్వం, ఎద్దు నడిస్తే వయొలిన్, గతంలోకి వెళ్తే ఆ గతంలో ఇంకో గతం. మధ్యలో సంబంధం లేని ఇద్దరు కమెడియన్లు వచ్చి ఒకరి పంచె ఒకరు లాక్కున్నారు. నా ముందు వరుసలో ఒకడు ఫోను వెలిగించి రీల్సు చూస్తున్నాడు. వాడి భుజం తట్టి ఫోను ఆపించాను. మరుక్షణమే తెర చూసి, వాడి సుఖం అనవసరంగా పాడుచేశాననిపించింది.

సగం దాటాక ఒక సీను వచ్చింది. ఆఖరి బోరు కూడా ఎండిపోయాక రైతు ఇంటికొస్తాడు. కాళ్లు కడుక్కుంటాడు. భార్య కంచం పెడుతుంది. "నీళ్లు పడినాయా?" అంటుంది. అతను ముద్ద కలుపుతూ, "పడినాయి," అంటాడు. అబద్ధమని ఆమెకు తెలుసు. తెలిసే, "అయితే మళ్లా వరి పెడదాం," అంటుంది. అంతే. సంగీతం లేదు, కన్నీళ్లు లేవు, సూర్యుడూ లేడు. నేను సీట్లో ముందుకు జరిగి కూర్చున్నాను. అప్పుడే గంభీరమైన గొంతు మళ్లీ వచ్చి, "అతను అబద్ధం చెప్పాడు," అని మాకు విప్పి చెప్పింది. ఆ క్షణంలో వచ్చినంత కోపం నాకు ఏ సినిమాకూ రాలేదు. చేతకానివాడు చెడగొడితే ఒక రకం. వీడికి చేతనవును.

బయటికి రాగానే అందరూ మౌనస్వామి చుట్టూ మూగారు. సూపర్ అన్నవాళ్లు సూపర్ అన్నారు, సెల్ఫీలు దిగినవాళ్లు దిగారు. ఇంటర్వల్లోనే జారుకున్నవాడు కూడా ఫోన్లో క్లైమాక్సును మెచ్చుకున్నాడు. అద్భుతం గారు అతని రెండు చేతులూ పట్టుకుని, "అద్భుతమండి. మన టీములో ఇంత ప్రతిభ ఉందని ఇన్నాళ్లూ తెలీలేదండి," అంటున్నారు. అతను నా వైపు తిరిగి, "సెన్సార్ అక్క ఏమంటుందో," అని నవ్వాడు. నేను మాట్లాడకుండా ఉండి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

"గిదేం సినిమా?" అన్నాను. "మేం కళ్లతోని చూస్తున్నది మళ్ల ఆ గొంతుతోని చెప్పుడెందుకు? మేం గుడ్డోళ్లమా? ఎద్దుకు వయొలిన్ ఎందుకు? ఆ పంచెలు గుంజుకునే ఇద్దరు ఎవరు, ఎవలింటి చుట్టాలు? నీళ్లు పడినాయని చెప్పే ఆ ఒక్క సీను తీసినవు చూడు, అది తీసినోడివి మిగిలిన రెండు గంటలు ఏం చేసినవు? నిద్రపోయినవా?"

చుట్టూ ఉన్నవాళ్ల నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మౌనస్వామి మొహం ఎర్రబడింది. "ఎండలో నిలబడుకోని తీసినాం మేడం," అన్నాడు. ఇంకో మాట అనడనుకున్నాను. అన్నాడు. "ఏసీలో కూర్చోని తప్పులు పట్టేది ఎవురైనా చేస్తారు. మీరొక సీను రాయండి, చూస్తాం. ఒక్క సీను." మాకు తెలిసిన మౌనస్వామి గొంతు కాదది. పాప్‌కార్న్ కౌంటర్ దగ్గరివాళ్లు కూడా తిరిగి చూశారు.

"నాకు వండరాదు," అన్నాను నేనూ గొంతు పెంచి. "గని కూరల ఉప్పెక్కువైతే నా నాలుకకు తెల్వదా?"

అప్పుడు వాళ్లమ్మ ముందుకొచ్చింది. "ఏం పాపా, నలుగురిలో నా కొడుకును ఇట్ల అంటావా? మీ ఇంట్లో ఇదే నేర్పించినారా?" అంది. ఆమె మీద అరవలేను, ఊరుకోనూలేను. విసురుగా వెళ్లి వాష్‌రూములో మొహం మీద నీళ్లు కొట్టుకుంటున్నాను. కాసేపటికి ఆమె కూడా లోపలికొచ్చింది. తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "పాపా, నాకైతే మొదట్లోనే నిద్ర పట్టేసింది," అంది. నేను తుడుచుకోవడం మరిచిపోయి చూశాను. "వాని మొగం చూసి ఎట్ల చెప్పేది? ఆ నీళ్లు పడినాయనే కాడ మాత్రం దిగ్గున లేచినాను. అది మా ఇంట్లో జరిగిందే. మా ఆయన నాతో అట్లనే చెప్పినాడు. వీడు పక్కనే పండుకోని ఉన్న్యాడు. చిన్నోడు, నిద్రపోతాండాడు అనుకున్న్యాం." కొళాయి కట్టేసి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. "నువ్వు చెప్పినావు, మంచిదాయ. కానీ బయట మాత్రం నేను నిన్ను తిడతానే ఉంటా. వాడు నా కొడుకు." చెప్పినట్టే లిఫ్టు దాకా తిట్టింది.

సోమవారానికి సినిమా ఎత్తేశారు. ఆఫీసులో మౌనస్వామి నా మొహం చూడటం మానేశాడు. నేను పట్టిన ప్రతి తప్పుకీ "ఇది తప్పు కాదు, ఇలాగే ఉండాలి" అని రాసి తిప్పి పంపేవాడు. బటన్ నొక్కితే పేజీ మాయమవుతుంటే అది కూడా ఇలాగే ఉండాలట. అద్భుతం గారు నన్ను గదిలోకి పిలిచి, "ఒక్క మాట బాగుందంటే మీ సొమ్మేం పోయేదండి?" అన్నారు. నేను ఆయన మీద కూడా విరుచుకుపడ్డాను. "మీకు నిజంగా నచ్చిందా సార్? గుండె మీద చెయ్యి పెట్టుకోని చెప్పండి." ఆయన ల్యాప్‌టాప్ మూసి, "ఆరోజు క్లయింటు మెయిల్స్ వస్తూనే ఉన్నాయండి. పావుగంట తర్వాత నేను తెర చూడలేదండి," అన్నారు. తర్వాత కుర్చీలో ఇబ్బందిగా కదిలి, "ఇది మాత్రం ఆ అబ్బాయితో అనకండేం," అన్నారు.

ఆ వారం చివర్లోనో, తర్వాతి వారమో, క్యాంటీన్లో ఒంటరిగా తింటుంటే నా ఎదురుగా కంచం చప్పుడయ్యేలా పెట్టి కూర్చున్నాడు మౌనస్వామి. పెరుగన్నం సగం అయ్యేదాకా తలెత్తలేదు. తర్వాత, "ఆ ఒక్క సీను బాగుందంటిరే. ఎందుకు?" అన్నాడు. కోపంగానే అడిగాడు. నేనూ కోపంగానే చెప్పాను. అందులో నువ్వు ఎవరికీ ఏదీ నేర్పాలని చూడలేదు, చెవులు రిక్కించుకుని విన్నావు, మిగతా సినిమాలో మైకు పట్టుకున్నావు, అన్నాను. అతను ఒప్పుకోలేదు. ఎద్దు వయొలిన్ దగ్గర భోజనాల వేళ అయిపోయింది, పంచెల దగ్గర మళ్లీ మర్నాడు మొదలైంది. వాళ్లమ్మ నాతో అన్నది మాత్రం చెప్పలేదు. చెప్పాల్సింది నేను కాదనిపించింది.

అలా మొదలైన తగువు ఏళ్ల తరబడి నడిచింది. అతను ఉద్యోగం మానేశాడు, రాసిన పేజీలు పంపేవాడు. నేను ఆఫీసు నుంచి వచ్చి, అమ్మ పెట్టింది తింటూ, తర్వాత పెళ్లయ్యాక మా ఆయన పెట్టింది తింటూ, ఫోన్లో తిట్టేదాన్ని. ఒకసారి రెండు నెలలు మాట్లాడుకోలేదు (హీరోకు కవల సోదరుణ్ని పెట్టాడు. నేనేం చేయను?). రెండో సినిమా కూడా పోయింది, కానీ మొదటిదానిలా పోలేదు. తిట్టడానికి నాకు నిజంగా శ్రమ పడాల్సి వచ్చింది.

మూడోది మొన్నీమధ్య వచ్చింది. మల్టీప్లెక్సులో నా పక్కనతను ట్రే నిండా ఏదో కరకరమనిపించేది తింటున్నాడు, వెనకావిడ ఎవరికో ఫోన్లో కథ చెబుతోంది. మామూలుగా అయితే ఇద్దరితోనూ తగాదా పెట్టుకునేదాన్ని. సినిమా అయిపోయి లైట్లు వెలిగాకే వాళ్లు అక్కడ ఉన్నారని నాకు గుర్తొచ్చింది. పార్కింగులోకి రాగానే మౌనస్వామి ఫోన్ చేశాడు.

"చెప్పండి మేడం. మీకు యాడ ఒళ్లు కాలింది?"

"యాడ కాలలే. బాగుంది."

"బాగుందంటే?"

"బాగుందంటే బాగుంది. ఏం లేదు తప్పు."

"మేడం, పానం బాగుందా? ఇంట్లో అంతా బాగున్నారా?" అతని గొంతులో నిజమైన భయం. "అందరూ బాగుందనే అంటాండారు మేడం. మీరు గూడా అంటే నేనెవర్ని నమ్మేది? యాడో తేడా కొట్టింటాది. రేపు ఇంకోసారి చూడండి."

మర్నాడు సెలవు పెట్టి మరీ వెళ్లాను. తప్పు పట్టాలనే వెళ్లాను, కళ్లద్దాలు తుడుచుకుని, కాలు మీద కాలేసుకుని. ముందురోజు ఎక్కడ ఏడ్చానో సరిగ్గా అక్కడే మళ్లీ ఏడ్చాను. ఫోన్ చేసేసరికి అతను మొదటి రింగుకే ఎత్తాడు. నిద్రపోయినట్టు లేదు.

"దొరికింది," అన్నాను. "పెండ్లి సీన్ల ఆ ముసలాయన కండువ ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు మారింది. గంత పెద్ద సీను తీసి కండువ చూసుకోవా? కండ్లు యాడ పెట్టినవ్?"

కండువా ఎక్కడా మారలేదు. అతను గుండెల నిండా ఊపిరి తీసుకోవడం వినిపించింది. "అదీ, అట్ల చెప్పండి," అన్నాడు సంతోషంగా. "సరే మేడం."

సినిమా గురించి జీవితంలో నేను ఆడిన మొదటి అబద్ధం అది. వాష్‌రూములో మొహం మీద నీళ్లు కొట్టుకున్న ఆ చందానగర్ పిల్ల వింటే నన్ను లిఫ్టు దాకా తరిమి తిట్టేది. తిట్టనీ. ఇంటికెళ్లి ఆ పూట ఒక్క ముద్దే తిన్నాను. ఆకలి వేయలేదు.