ఆరు దరఖాస్తులు, ఒకే ఫోన్ నంబరు

జడ్చర్లలో బ్యాంకు ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిందిది. ఆ నెలాఖరుకు నా టార్గెట్‌కు ఇంకా ఆరు ఖాతాలు తక్కువ పడ్డాయి. చివరి రోజు మధ్యాహ్నం ఒక మేస్త్రీ, పత్తిమిల్లులో పనిచేసే ఆరుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. ఆరు దరఖాస్తుల్లోనూ ఒకటే ఫోన్ నంబరు. అది నా కంటపడింది. అయినా ఏమీ అడగకుండా ఖాతాలు తెరిచేశాను. సాయంత్రం మేనేజరు నా పేరు చెప్పి అందరిచేతా చప్పట్లు కొట్టించారు.

మూడు నెలలకు ఆ ఆరుగురిలో ఒకామెను, ఎల్లమ్మను, పోలీసులు బ్యాంకుకు తీసుకొచ్చారు. ఎవరినో మోసం చేసి దోచిన డబ్బు ఆమె ఖాతాలో పడి, గంటలోనే ఇంకెక్కడికో వెళ్లిపోయిందట. ఆమె ఏటీఎం కార్డు తన దగ్గరే ఉంచుకున్న మేస్త్రీ పరారీలో ఉన్నాడు. నేను దరఖాస్తు తీసి బల్ల మీద పెట్టాను.

"ఈ ఫోన్ నంబరు నీదేనా?" అని అడిగాడు ఎస్సై.

"నాకాడ ఫోనే లేదు సారూ" అని, ఎల్లమ్మ నా వైపు తిరిగింది. "గిదే మాట నువ్వు గా దినమే అడిగితే అయిపోతుండె గదా, బిడ్డా!"

నేను తలెత్తలేకపోయాను.

నంబరు చూసి కూడా ఊరుకున్నానని రాసిచ్చాను. ఆమెను వదిలిపెట్టారు. నాకు మెమో వచ్చింది.

ఇప్పుడు ఎవరి దరఖాస్తు వచ్చినా అందులోని నంబరుకు అక్కడికక్కడే ఫోన్ చేస్తాను. ఎదురుగా ఉన్న మనిషి చేతిలో మోగితేనే సంతకం పెడతాను. మొన్నటి మీటింగులో టార్గెట్ చేరనివాళ్ల పేర్లు చదివారు. మొదటి పేరు నాదే. తల దించుకోవాలనిపించలేదు.